కిట్ డబ్బాలో రాని ఎర్త్

క్రిస్టల్ రేడియోకి బ్యాటరీ ఉండదు. కరెంటు కనెక్షన్ ఉండదు. ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్ గాలిలోకి వదిలిన శక్తిలోంచి అది రవ్వంత తీసుకుంటుంది. ఆ రవ్వంతతోనే చెవిలో పాట వినిపిస్తుంది. 1960ల నుంచి 1980ల చివరిదాకా అనంతపురం జిల్లాలో బడికి వెళ్లిన పిల్లల్లో, రేడియో పిచ్చి పట్టినవాళ్లు సొంత చేత్తో కట్టిన మొదటి యంత్రం చాలావరకు ఇదే. వాళ్లకి ఇప్పుడు యాభై దాటాయి, అరవై దాటాయి, కొందరికి డెబ్బై కూడా దాటాయి. అయినా కాయిల్ ఎన్ని చుట్లు చుట్టారో ఇప్పటికీ చెప్పగలరు.

ఈ సెట్టు విడిభాగాలు డబ్బాలో పెట్టి కిట్‌గా అమ్మేవాళ్లు. ఆ కిట్‌లో ఏముండేది? సన్నటి రాగితీగ. చిన్న డయోడు. స్టేషను మార్చడానికి గ్యాంగు కండెన్సరు. చెవికి పెట్టుకునే హెడ్‌ఫోను. కాగితం మీద అచ్చువేసిన సర్క్యూటు బొమ్మ. డబ్బాలో వచ్చేది అంతే. ముఖ్యమైనవి రెండు మాత్రం వచ్చేవి కావు. ఒకటి ఏరియల్. రెండోది ఎర్త్. ఏరియల్‌కి తీగ బజార్లో దొరుకుతుంది. ఎర్త్ బజార్లో దొరకదు. అది కాళ్లకింది నేల.

అనంతపురం లాంటి కరువు సీమలో ఆ నేలే పెద్ద చిక్కు. ఆ చిక్కు విప్పుకున్న పిల్లలకి ఒక సంగతి జీవితాంతం గుర్తుండిపోయింది. ఎండిన మట్టిలో కరెంటు సరిగ్గా పారదు. తడిసిన మట్టిలో పారుతుంది. శ్రోతలు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చాలు. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ముందు సెట్టు సంగతి చూద్దాం. రేడియో స్టేషన్లు చాలా ఉంటాయి. అన్నిటి తరంగాలూ ఒకేసారి ఏరియల్‌ తీగని తాకుతుంటాయి. వాటిలో ఒక్కదాన్ని ఏరుకోవాలి. ఆ ఏరివేత పని కాయిలూ గ్యాంగూ కలిసి చేస్తాయి. వేపకొమ్మకి కట్టిన ఉయ్యాలని గుర్తుచేసుకోండి. దానికి ఒక సొంత ఊపు ఉంటుంది. ఆ ఊపుకి సరిపోయేలా తోస్తే, చంటిపిల్ల తోసినా ఉయ్యాల పైపైకి పోతుంది. ఊపు తప్పి తోస్తే ఎంత బలంగా తోసినా ఆగిపోతుంది. కాయిలూ గ్యాంగూ కలిసిన జంటకి కూడా అలాంటి సొంత ఊపు ఉంది. గ్యాంగు తిప్పితే ఆ ఊపు మారుతుంది. ఏ స్టేషను ఊపుతో అది సరిపోతే ఆ స్టేషనే పలుకుతుంది.

కాయిల్ చుట్టడానికి అనంతపురం పిల్లలకి పైపు ముక్క కోసం వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. బోరుబావులు వేసే ఊళ్లలో పీవీసీ పైపు ముక్కలు చేల గట్ల మీద పడి ఉండేవి. 63 మిల్లీమీటర్ల పైపు ముక్క ఈ పనికి చక్కగా సరిపోతుంది. దాని మీద 24 గేజీ ఎనామిల్ రాగితీగ 65 చుట్లు, చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టాలి. దానికి 365 పికోఫారడ్ల గ్యాంగు కలిపితే మీడియం వేవ్ బ్యాండు దాదాపు అంతా చేతికొస్తుంది. ఇరవయ్యో చుట్టు దగ్గర తీగని చిన్న మెలిక తిప్పి బయటికి లాగి ఉంచాలి. ఏరియల్ కలిపేది అక్కడే. ఏరియల్‌ని నేరుగా కాయిల్ కొసకి కలిపితే స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగంగా వినిపిస్తాయి.

చుట్టడంలో తప్పు చేసినవాళ్లు తక్కువ. తప్పంతా తీగ కొసల దగ్గరే జరిగేది. ఎనామిల్ తీగ మీద కంటికి సరిగ్గా కనపడని పూత ఉంటుంది. అది కరెంటుని పారనివ్వదు. కొసలని బ్లేడుతో గీకాలి, లేదా ఉప్పుకాగితంతో రుద్దాలి. ఎర్రటి రాగి తళతళ మెరవాలి. ఈ పని మరిచిపోయి, సర్క్యూటు అంతా సరిగ్గా కలిపి, చెవిలో ఏమీ వినిపించక రాత్రంతా తలపట్టుకున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఇక డయోడు. రేడియో తరంగం సెకనుకి లక్షలసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుని హెడ్‌ఫోను పట్టుకోలేదు, చెవీ పట్టుకోలేదు. డయోడు కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. అలా ఒకవైపు మిగిలినదాంట్లోంచి మాటా పాటా బయటపడతాయి. కిట్లలో జెర్మేనియం డయోడు పెట్టడానికి కారణముంది. సిలికాన్ డయోడు తలుపు తెరవాలంటే సుమారు 0.6 వోల్టు కావాలి. జెర్మేనియానికి 0.2 వోల్టు చుట్టుపక్కల చాలు. ఏరియల్‌ నుంచి వచ్చే బలహీనమైన సంకేతానికి ఆ తేడాయే ప్రాణం. ఓఏ79 అనే పేరు ఆ తరం పిల్లలకి బాగా తెలుసు. గాజుగొట్టంలో మినపగింజంత వస్తువు అది.

డయోడు రాకముందు ఆ పని రాతి ముక్క చేసేది. గెలీనా అనే సీసపు ఖనిజం మీద సన్నటి తీగ కొసని ఆనించి, పలికే చోటు దొరికేదాకా కదుపుతూ ఉండేవాళ్లు. ఆ ఖనిజం స్ఫటికం కాబట్టే క్రిస్టల్ సెట్ అనే పేరు వచ్చింది. గెలీనాతో విద్యుదయస్కాంత తరంగాల్ని పసిగట్టే పరికరానికి కలకత్తాకి చెందిన జగదీశ్ చంద్ర బోస్ 1901లో అమెరికా పేటెంటుకి దరఖాస్తు చేశారు. అది 1904లో మంజూరైంది. పల్లెటూరి పిల్లవాడు కట్టిన సెట్టు వెనక ఇంత పెద్ద భారతీయ పరిశోధన ఉందని పాఠ్యపుస్తకాలు గట్టిగా చెప్పి ఉండాల్సింది.

సెట్టు ఉంటే చాలదు, పట్టడానికి స్టేషనూ ఉండాలి. రేడియో ప్రసారాలు మొదలైన కాలంలో అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారాలు మొదలుపెట్టింది. 1930 నుంచి మద్రాసు కార్పొరేషన్ ఆ పని చేపట్టింది. అనంతపురానికి దగ్గరలో రేడియో కేంద్రాలు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. బెంగళూరు కేంద్రం 1955లో వచ్చింది. కడప కేంద్రం 1963లో వచ్చింది. ఆ తరవాతే ఈ జిల్లా పిల్లలకి బ్యాటరీ లేని రేడియో అనే ఆశ పుట్టింది. తాడిపత్రి, గుత్తి వైపువాళ్లు 900 కిలోహెర్ట్జ్ మీద కడప కోసం చెవి పెట్టేవాళ్లు. హిందూపురం, పెనుకొండ వైపువాళ్లకి 612 కిలోహెర్ట్జ్ మీద బెంగళూరు దగ్గర. పెద్దవాళ్ల సెట్లలో షార్ట్‌వేవ్ మీద రేడియో సిలోన్ తెలుగు పాటలు, అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు మోగుతుండేవి. క్రిస్టల్ సెట్టుకి అంత స్తోమత లేదు. దానిది మీడియం వేవ్ మాత్రమే.

విడిభాగాలు ఎక్కడ దొరికేవి? ఊరి రేడియో మెకానిక్ దగ్గర పాడైన సెట్ల గుట్ట ఉండేది. దాంట్లోంచి గ్యాంగు, డయోడు ఊడదీసి ఇచ్చేవాడు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు అనంతపురం వాళ్లకి పెద్ద సంత లాంటిది. బస్సెక్కితే పొద్దున పోయి రాత్రికి రావచ్చు. హైదరాబాదు వెళ్లేవాళ్లకి కోఠిలో గుజరాతీ గల్లీ ఉండేది. ఢిల్లీ నుంచి 1969లో మొదలైన ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ పత్రికలో సర్క్యూట్లు అచ్చయ్యేవి. కిట్ కావాలంటే ఉత్తరం రాస్తే వీపీపీ పార్సిల్ వచ్చేది. పోస్ట్‌మ్యాన్ చేతిలో డబ్బు పెడితేనే డబ్బా చేతికిచ్చేవాడు. ఆ డబ్బు పోగుచేయడానికి సెలవుల్లో శెనక్కాయలు కొట్టడానికి కూలికి పోయిన పిల్లలూ ఉన్నారు.

అమెరికాలో ఇదే పనిని హీత్ కంపెనీ పెద్ద వ్యాపారంగా చేసింది. 1947లో ఆసిలోస్కోపు కిట్‌తో మొదలుపెట్టి, 1992 దాకా హీత్‌కిట్ పేరుతో అమ్మింది. అక్కడ డబ్బాలో స్క్రూ దగ్గరనుంచి క్యాబినెట్ దాకా అన్నీ వచ్చేవి. ఇక్కడ సగం డబ్బాలో వచ్చేది, సగం ఊళ్లో ఏరుకోవాల్సి వచ్చేది. నేర్చుకోవడానికి ఇక్కడి పద్ధతే మేలు. దొరకని వస్తువు బదులు ఇంకోటి పెట్టాలంటే, ఆ వస్తువు ఏం పని చేస్తుందో ముందు తెలియాలి కదా.

ఇప్పుడు ఏరియల్. ఇరవై, ముప్పై మీటర్ల రాగితీగని మిద్దె మీంచి వేపచెట్టు దాకా లాగి కట్టాలి. రెండు కొసల్లోనూ పింగాణీ గుబ్బలు గానీ, గాజుసీసా మెడలు గానీ కట్టాలి. లేకపోతే సంకేతం చెట్టులోకీ గోడలోకీ పోతుంది. అనంతపురం మిద్దెలు బల్లపరుపుగా ఉంటాయి. ఏరియల్ కట్టడానికి అంత వసతి పెంకుటిళ్లలో ఉండదు. తీగ ఎంత పొడుగైతే, ఎంత ఎత్తైతే అంత మంచిది. దీన్ని ఎవరికీ చెప్పక్కర్లేదు. పిల్లలకి వెంటనే అర్థమయ్యేది.

అర్థం కానిది ఎర్త్. ఏరియల్‌కి సంకేతం వచ్చింది కదా, ఇంక నేలతో పనేంటి? పనుంది. కరెంటు పారాలంటే దారి పూర్తి కావాలి. ఏరియల్ తీగలో పుట్టిన కరెంటు కాయిల్‌లోంచి దిగి నేలలోకి పోవాలి, మళ్లీ అలాగే వెనక్కి రావాలి. నేలలోకి దారి మూసుకుపోతే కాయిల్‌లో ఏమీ పారదు. చెవిలో ఏమీ వినిపించదు. బ్యాటరీ ఉన్న సెట్టయితే ఈ లోటుని ట్రాన్సిస్టర్లు పూడ్చుకుంటాయి. క్రిస్టల్ సెట్టుకి ఆ అవకాశం లేదు. దానికి వచ్చిందే రవ్వంత. ఆ రవ్వంతలో సగం పోతే మిగిలేది నిశ్శబ్దం.

అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి. ఈశాన్య మేఘాలు కోస్తా దాటి ఇక్కడికి వచ్చేసరికి నీరసిస్తాయి. నేల ఎక్కువగా ఎర్ర గరుసు. కింద కొద్ది అడుగుల్లోనే రాయి. వాన పడ్డా నీళ్లు మట్టిలో ఎక్కువ రోజులు నిలవవు. ఇలాంటి నేలలో కిట్ కాగితం చెప్పినట్టు రెండడుగుల ఇనపమేకు దిగ్గొట్టి తీగ కడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అక్కడే చిక్కు.

మట్టి తనంతట తాను కరెంటుని మోయదు. మట్టిరేణువుల మధ్య ఉన్న నీళ్లు మోస్తాయి. ఆ నీళ్లలో కరిగిన లవణాలు మోస్తాయి. నీళ్లు ఆరిపోతే రేణువుల మధ్య గాలి మిగులుతుంది. గాలిలోంచి కరెంటు పారదు. కృష్ణా డెల్టా ఒండ్రునేలలో రెండడుగుల మేకు దిగ్గొడితే దాని నిరోధం వంద ఓముల లోపే ఉండొచ్చు. అనంతపురం ఎండు గరుసులో అదే మేకు నిరోధం వెయ్యి ఓములు దాటొచ్చు. మేకు అదే, తీగ అదే. తేడా తడిలో ఉంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పగటిపూట మీడియం వేవ్ తరంగం నేలని ఆనుకుని ప్రయాణిస్తుంది. తడినేల మీదా సముద్రం మీదా అది దూరం పోతుంది. ఎండిన రాతినేల మీద త్వరగా అలిసిపోతుంది. కాబట్టి కడప నుంచి తాడిపత్రికి వచ్చేసరికే పాట బలహీనపడుతుంది. రాత్రి అయితే సంగతి వేరు. పగలు తరంగాన్ని మింగేసే పొర ఒకటి ఆకాశంలో ఉంటుంది. పొద్దు గూకాక అది కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు పైపొరలకి తగిలి వెనక్కి వంగి, దూరదూరాల నుంచి దిగుతాయి. అందుకే క్రిస్టల్ సెట్టు మనుషులు రాత్రి మేలుకునే జాతి.

పిల్లలు ఈ చిక్కుని ఎలా విప్పారు? హెడ్‌ఫోను చెవికి పెట్టుకుని ఒకడు కూర్చునేవాడు. ఇంకొకడు మేకు మొదట్లో చెంబుడు నీళ్లు పోసేవాడు. గుసగుసలా ఉన్న పాట ఉన్నట్టుండి పెరిగేది. మీటరు అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. చెవే మీటరు. మట్టికీ నీటికీ కరెంటుకీ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా చూపించే ప్రయోగం బడి ల్యాబులో కూడా దొరకదు. కాసేపటికి నీళ్లు ఇంకిపోయి పాట మళ్లీ సన్నబడేది. మళ్లీ చెంబుడు నీళ్లు. మే నెలలో బిందెడు నీళ్ల కోసం బారులు తీరే ఊళ్లో, మేకుకి నీళ్లు పోస్తుంటే అవ్వ ఊరుకుంటుందా?

అందుకని మేకు చోటు మారింది. స్నానాల నీళ్లు పోయే కాలవ పక్కకి. అంట్లు తోమే చోటుకి. గేదెలకి నీళ్లుపెట్టే తొట్టి దగ్గరికి. ఎక్కడ రోజూ తడి ఉంటే అక్కడికి. వాడిన నీళ్లే ఎర్త్‌ని బతికించేవి. ఆ నీళ్లలో సబ్బూ ఉప్పూ కలిసి ఉంటాయి కాబట్టి, మంచినీళ్ల కంటే అవే బాగా పనిచేసేవి.

వీటన్నిటికంటే మేలైనది వీధి బోరింగు. చేతిపంపు కింద ఇనప గొట్టాలు ఒకదానికొకటి బిగించి, భూమి లోపలి నీళ్లలోకి దింపి ఉంటాయి. పైన నేల ఎంత ఎండినా, ఆ గొట్టాల కొస నీళ్లలోనే ఉంటుంది. కిట్ కాగితం రాసినవాడు ఊహించలేనంత మంచి ఎర్త్ అది. ఇల్లు బోరింగు పక్కనే ఉన్న పిల్లవాడు అదృష్టవంతుడు. బోరింగు లేని ఊళ్లలో బావి ఉండేది. రాగితీగ కొసకి పాత ఇత్తడి చెంబు కట్టి బావి నీళ్లలోకి వదిలినా ఆ పనే జరుగుతుంది. బావి ఎండిపోయిన ఏడు రేడియో కూడా మూగబోయేది. కరువు అంటే పంట పోవడం, పశువులు అమ్ముకోవడం, వలస పోవడం. వాటి పక్కన ఇది చాలా చిన్న నష్టం. కానీ పిల్లలకి మొదట తెలిసిన నష్టం ఇదే కావచ్చు.

క్రిస్టల్ సెట్టు అయ్యాక రెండో మెట్టు ఒక ట్రాన్సిస్టరు సెట్టు. దానికి టంకం పని నేర్చుకోవాలి, అంటే సాల్డరింగు. 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ చాలు. ముందు అతికే చోటుని వేడిచేయాలి. ఆ వేడికి లెడ్డు, అంటే టంకం తీగ, దానంతట అదే కరిగి పారాలి. ఐరన్ మీద లెడ్డు కరిగించి బొట్టు పెడితే పైకి అతికినట్టే ఉంటుంది, లోపల అతకదు. మెకానిక్కులు డ్రై సాల్డర్ అనేది దాన్నే. బీఈఎల్, అంటే భారత్ ఎలక్ట్రానిక్స్, బెంగళూరులో తయారుచేసిన ట్రాన్సిస్టర్లు అప్పట్లో ఊరూరికీ చేరేవి. బీసీ 148 అనే పేరు చాలామందికి ఇంకా నోట్లో ఆడుతుంది.

ట్రాన్సిస్టరుకి సెల్లులు కావాలి. సెల్లులకి డబ్బు కావాలి. అయిపోయిన సెల్లుల్ని మిద్దె మీద ఎండలో పెట్టడం రాయలసీమలో ఇంటింటి అలవాటు. ఎండకి లోపలి రసాయనాల చలనం పెరిగి, సెల్లు కాసేపు కోలుకుంటుంది. అది నిజంగా చార్జి కావడం కాదు. ఒక రాత్రి పాటలకి సరిపోతుంది, అంతే. ఎండకి మాత్రం అనంతపురంలో కొదవలేదు.

ఆ ఒక్క ట్రాన్సిస్టరుతోనే కట్టే ఇంకో కిట్ వాన అలారం. ఈ జిల్లాకి ఇది అన్నిటికంటే తగిన కిట్. రెండు లోహపు జల్లెడ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి ఉంచాలి. మధ్యలో ఉప్పునీళ్లలో ముంచి ఎండబెట్టిన బ్లాటింగ్ పేపరు పెట్టాలి. పేపరు పొడిగా ఉన్నంతసేపూ రెండు ముక్కల మధ్య కరెంటు పారదు. చినుకు పడగానే పేపరు తడుస్తుంది. ఉప్పు కరుగుతుంది. దారి తెరుచుకుంటుంది. ఆ సన్నటి కరెంటు ట్రాన్సిస్టరు బేస్‌కి చేరితే, ట్రాన్సిస్టరు తెరుచుకుని బజరుకి కరెంటు వదులుతుంది. బజరు మోగుతుంది. శెనక్కాయ పీకి చేలో కుప్పవేసినప్పుడు, అక్టోబరులో గానీ నవంబరులో గానీ అకాల వాన పడితే కాయ బూజుపడుతుంది, కట్టె నల్లబడుతుంది. రాత్రిపూట ఆ బజరు మోగితే ఇంటిల్లిపాదీ పట్టలు పట్టుకుని పరుగెత్తొచ్చు.

శ్రోతలు గమనించే ఉంటారు. వాన అలారంలో పనిచేసేదీ రేడియో ఎర్త్‌లో పనిచేసేదీ ఒకటే. పొడిగా ఉంటే కరెంటు పారదు. తడిస్తే పారుతుంది. ఉప్పు కలిస్తే ఇంకా బాగా పారుతుంది.

ఇదే సంగతి ఇవాళ ప్రతి ఇంటికీ ప్రతి బోరు మోటారుకీ వర్తిస్తుంది. గ్రైండరులోనో మోటారులోనో లోపలి తీగ పూత చెడిపోయి బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ మంచిదైతే కరెంటు ఒక్కసారిగా నేలలోకి దూకుతుంది. ఫ్యూజు కాలిపోతుంది. మనిషి బతికిపోతాడు. ఎర్త్ గుంత ఎండిపోయి దాని నిరోధం 500 ఓములకి చేరితే? 230 వోల్టుల్ని 500తో భాగించండి. అర ఆంపియరు కూడా రాదు. అయిదు ఆంపియర్ల ఫ్యూజు దానికి చెక్కు చెదరదు. బాడీలో కరెంటు అలాగే ఉండిపోతుంది. తెలియక తాకినవాడికి షాకు కొడుతుంది. ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు ఉంది, ఎర్త్ తీగ ఉంది, గుంత కూడా ఉంది. అయినా రక్షణ లేదు. కారణం తడి లేకపోవడం.

అందుకే ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేస్తారు. ఉప్పు నీళ్లలో కరిగి కరెంటుని మోస్తుంది. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది. భారత ప్రమాణాల సంస్థ నియమావళి ఐఎస్ 3043 ప్రకారం ఇనప గొట్టం కనీసం రెండున్నర మీటర్ల లోతుకి పోవాలి. గుంత పైన గరాటు పెట్టేది నీళ్లు పోయడానికే. చాలా ఇళ్లలో ఆ గరాటు మీద సిమెంటు వేసి మూసేస్తారు. అది చాలా పెద్ద తప్పు. వేసవిలో, కనీసం వారానికోసారి, ఎర్త్ గుంతలో బిందెడు నీళ్లు పోయండి. తాగేనీళ్లు అక్కర్లేదు. బట్టలుతికిన నీళ్లు చాలు. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించుకోవడం మంచిది. ఎర్త్ బలహీనంగా ఉన్నా కూడా అది లీకేజీని కనిపెట్టి కరెంటు ఆపేస్తుంది.

తడి మేలుచేసే చోటు ఉంది, కీడుచేసే చోటూ ఉంది. ఎర్త్ గుంతలో తడి మనిషిని కాపాడుతుంది. కాళ్లకింద తడి మనిషిని పట్టిస్తుంది. ఎండిన నేల మీద నిలబడి, లీకేజీ ఉన్న మోటారు స్టార్టరు డబ్బా తాకితే జిల్లుమని వదిలేయవచ్చు. వాన పడ్డ చేలో, పారగట్టిన మడిలో ఒట్టికాళ్లతో నిలబడి అదే డబ్బా తాకితే ప్రాణం పోతుంది. స్టార్టరు దగ్గర ఎండు చెక్కపలక ఒకటి వేసి ఉంచి, చెప్పులు వేసుకుని, దాని మీద నిలబడే స్విచ్చి ముట్టుకోవాలి.

కిట్లు ఎందుకు కనుమరుగయ్యాయో కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు రేడియో ఉంచుకోవాలంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు ఫీజు కట్టి, పుస్తకంలో స్టాంపులు అంటించుకోవాలి. 1980ల నడుమ ఆ లైసెన్సు పోయింది. సెట్ల ధరలూ తగ్గాయి. టీవీ ఊళ్లలోకి వచ్చింది. చేత్తో కడితే చవక అనే లెక్క పోయింది. ఒక చిన్న ఐసీలో వేల ట్రాన్సిస్టర్లు ఇమిడాక, లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడకుండా పోయింది. అనంతపురం ఆకాశవాణి 101.7 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్ఎంలో వస్తుంది. అది చక్కగా వినిపిస్తుంది. కానీ పైపు ముక్క మీద తీగ చుట్టి ఎఫ్ఎం పట్టడం పిల్లల వల్ల అయ్యే పని కాదు. దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లూ ఒక్కొక్కటిగా తగ్గుతున్నాయి. ఉన్నన్నాళ్లలోనే ఇళ్లలో ఒక్కసారైనా పిల్లల చేత ఈ సెట్టు కట్టించాలి.

కట్టడం ఇప్పటికీ కష్టం కాదు. 1ఎన్34 అనే జెర్మేనియం డయోడు ఇంకా దొరుకుతుంది. పాత రేడియోల్లోంచి గ్యాంగు తీసుకోవచ్చు. రెండువేల ఓముల పాత హెడ్‌ఫోను దొరక్కపోతే క్రిస్టల్ ఇయర్‌ఫోను వాడొచ్చు. దాని రెండు కొసల మధ్యా 47 కిలో ఓముల రెసిస్టరు ఒకటి పెట్టాలి. మొబైలుకి వాడే మామూలు ఇయర్‌ఫోను పనికిరాదు. దాని నిరోధం మరీ తక్కువ, ఉన్న రవ్వంత శక్తీ దాంట్లో ఇంకిపోతుంది. ఎర్త్ విషయంలో మాత్రం కాలం మారింది. కుళాయి గొట్టాలు ప్లాస్టిక్‌వి అయిపోయాయి. వాటికి తీగ కడితే లాభం లేదు. ఇనప బోరింగు ఊళ్లో మిగిలి ఉంటే దాన్నే వాడండి. లేకపోతే స్నానాల నీళ్లు పోయే చోట మీటరు పొడుగు ఇనపకడ్డీ దిగ్గొట్టండి. ఇంటి కరెంటు ప్లగ్గులోని ఏ రంధ్రానికీ ఈ సెట్టుని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు.

ఏరియల్ తీగని కరెంటు లైన్ల కిందనుంచీ పైనుంచీ లాగకూడదు. తీగ తెగినా లైను మీద పడనంత దూరం ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పడితే ఈ మెట్టలో పిడుగులు పడతాయి. కాబట్టి ఏరియల్ ఇంట్లోకి దిగేచోట, గోడకి బయటివైపు, ఒక కత్తి స్విచ్చి బిగించాలి. రేడియో వినేటప్పుడు అది సెట్టువైపు ఉండాలి. వినడం అయిపోగానే దాన్ని ఎర్త్‌వైపు తిప్పేయాలి. ఉరుము వినిపించాక మాత్రం ఆ స్విచ్చినీ తీగనీ ముట్టుకోకూడదు. అందుకే మబ్బు కనపడకముందే తిప్పి ఉంచాలి.